మొహమాటం ఉన్నవారు వృత్తి పరిచయాలను, ప్రచారాన్ని టెక్నాలజీ సాయంతో నడుపుకోవడం ఎలా?

"పని చక్కగా వచ్చు, చేసిన పనిని మెచ్చుకునేవారూ ఉన్నారు, కానీ ఆ సంగతి నాలుగు చోట్ల చెప్పుకోవాలంటే నోరు పెగలదు, ఏ యాప్ పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది?" అన్న ప్రశ్న నాకు రకరకాల మాటల్లో వస్తూనే ఉంది. అనువాదకులు, అకౌంటెంట్లు, డిజైనర్లు, సొంతంగా పనిచేసుకునే ప్రోగ్రామర్లు అందరూ అడిగేది ఇదే. ఈ బాధను పూర్తిగా తప్పించే యాప్ ఏదీ లేదు. అయితే ఎదుటి మనిషి చూస్తుండగా అప్పటికప్పుడు మాట్లాడవలసిన భారంలో చాలా భాగాన్ని, మన బల్ల దగ్గర, మన వేళకు, తలుపు వేసుకుని చేసుకునే పనిగా మార్చుకోవచ్చు. కింద చెప్పిన మెట్లన్నీ ఆ ఒక్క ఉద్దేశంతో కూర్చినవే. కొత్తవారి ముందు తడబడే మామూలు బిడియానికి ఇవి సరిపోతాయి. ఫోన్ మోగితేనే గుండె దడ పుట్టి, నిద్ర కూడా కరువయ్యేంత భయం ఉన్నవారు మాత్రం ముందుగా మానసిక వైద్యులను కలవడం మంచిది.

కావలసినవి

- మీ పేరుతో ఉన్న ఈమెయిల్ చిరునామా. కాలేజీ రోజుల్లో సరదాకి పెట్టుకున్న ముద్దుపేరు చిరునామా ఇక్కడ పనికిరాదు.
- వృత్తి పరిచయాల సైటు లింక్డ్‌ఇన్‌లో ఒక ప్రొఫైల్, లేదా మీ పని చూపించే ఒక్క పేజీ వెబ్‌సైట్. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి.
- గూగుల్ షీట్స్, ఎక్సెల్, లిబ్రేఆఫీస్ వంటి వాటిలో ఏదో ఒక స్ప్రెడ్‌షీట్.
- గుర్తుచేసే సదుపాయం ఉన్న క్యాలెండర్.
- వాయిస్ రికార్డర్ ఉన్న ఫోన్.
- వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 20 నిమిషాల సమయం.

మొదటి మూడు నెలలు డబ్బు చెల్లించే సాఫ్ట్‌వేర్ ఏదీ కొనవద్దు. మొహమాటస్తులు కొత్త యాప్‌ను అమర్చుకోవడంలో రోజులు గడిపి, దానినే పని చేసినట్టు భావించడం నేను చాలాసార్లు చూశాను; నేనూ అలా ఒక నెల పోగొట్టుకున్నాను.

1. మీ పనిని ఒక్క వాక్యంలోకి తెచ్చుకోండి

"మీరేం చేస్తుంటారు?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా లేకపోవడమే తడబాటులో సగానికి కారణం. ఖాళీ కాగితం ముందు కూర్చుని రాయబోతే పెద్ద పెద్ద మాటలు దొర్లుతాయి కాబట్టి, ఫోన్‌లో రికార్డర్ పెట్టుకుని, బాగా తెలిసిన స్నేహితుడికి చెబుతున్నట్టు రెండు నిమిషాలు మీ పని గురించి మాట్లాడండి. తరువాత ఆ మాటలను వాయిస్ టైపింగ్‌తో అక్షరాల్లోకి మార్చుకుని, అందులో ఎవరికి, ఏ ఇబ్బంది తీరుస్తున్నారో చెప్పిన వాక్యాన్ని ఏరుకోండి. "వినూత్న పరిష్కారాలు అందించే నిపుణుడిని" అనడం కంటే "చిన్న వ్యాపారుల లెక్కల్లో తేడాలు ఎక్కడ వస్తున్నాయో కనిపెట్టి సరిచేస్తాను" అనడం వెయ్యి రెట్లు మేలు.

సరిచూసుకోవడానికి, మీ రంగంతో సంబంధం లేని ఒకరికి ఆ వాక్యాన్ని వినిపించి, మరుసటి రోజు "నేనేం చేస్తానని చెప్పాను?" అని అడగండి. వారు తమ సొంత మాటల్లో సరిగ్గా చెప్పగలిగితే వాక్యం కుదిరినట్టే.

2. ప్రొఫైల్‌ను చడీచప్పుడు లేకుండా సిద్ధం చేయండి

లింక్డ్‌ఇన్‌లో పేరు కింద కనిపించే శీర్షికకు 220 అక్షరాల వరకు చోటు ఉంటుంది. మొదటి మెట్టులో తయారైన వాక్యాన్ని అక్కడ పెట్టండి. మార్పులు మొదలుపెట్టే ముందే సెట్టింగ్స్‌లో విజిబిలిటీ విభాగానికి వెళ్లి, ప్రొఫైల్ మార్పులను పరిచయస్తులకు తెలియజేసే మీటను ఆపివేయండి. ఒక్కో సవరణకూ ఊరంతా చాటింపు పడుతుందన్న భయంతోనే చాలామంది ప్రొఫైల్ జోలికి పోరు.

అదే విభాగంలో ఇతరుల ప్రొఫైళ్లను చూసేటప్పుడు మీ పేరు దాచుకునే ప్రైవేట్ మోడ్ కూడా ఉంటుంది. దీనితో ఒక చిక్కు ఉంది: ఉచిత ఖాతాలో ఈ మోడ్ పెట్టుకుంటే మీ ప్రొఫైల్‌ను ఎవరు చూశారో మీకూ కనిపించదు. వెతుకులాట రోజుల్లో దాన్ని వాడుకుని, ఎవరికైనా సందేశం పంపాలని నిశ్చయించుకున్నాక తీసివేయడం నా పద్ధతి. మీరు వచ్చి చూసి వెళ్లారని వారికి తెలియడం, ఒక్క మాట కూడా మాట్లాడకుండా తలుపు మెల్లగా తట్టినట్టు పనిచేస్తుంది.

అంతా అయ్యాక ఖాతాలోంచి బయటకు వచ్చి, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి మీ పేరుతో వెతికి చూడండి. మీకు లోపల కనిపించే పేజీ, బయటివారికి కనిపించే పేజీ ఒకటి కావు. ఫొటో, శీర్షిక, మిమ్మల్ని చేరుకునే దారి బయటికి కనిపించకపోతే విజిబిలిటీ సెట్టింగ్స్‌కు మళ్లీ వెళ్లాలి.

3. ముప్పై పేర్లతో పట్టిక వేసుకోండి

స్ప్రెడ్‌షీట్‌లో ఆరు నిలువు వరుసలు చాలు: పేరు, ఈమెయిల్, ఎలా పరిచయం, చివరిసారి మాట్లాడిన తేదీ, అప్పుడు వచ్చిన సంగతి, మళ్లీ పలకరించవలసిన తేదీ. కొత్తవారితో మొదలుపెట్టకండి. పాత సహోద్యోగులు, కలిసి చదువుకున్నవారు, ఒకప్పుడు పని ఇచ్చి తరువాత మాటలు ఆగిపోయినవారు ముందు రావాలి. కొత్త పని కబురు చాలాసార్లు ఆప్తుల కంటే అప్పుడప్పుడు కలిసే ముఖపరిచయస్తుల ద్వారానే అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే ఒక వ్యాసంలో వివరించారు. మొహమాటస్తులకు ఇది ఊరటనిచ్చే సంగతి, ఎందుకంటే వీరిలో ఎవరికీ మనల్ని మనం పరిచయం చేసుకోవలసిన అవసరం లేదు.

చివరి నిలువు వరుసలోని తేదీలను క్యాలెండర్‌లో కూడా వేసుకోండి. లేదా స్ప్రెడ్‌షీట్‌లోని కండిషనల్ ఫార్మాటింగ్‌తో, గడువు దాటిన తేదీ గడి ఎర్రబడేలా పెట్టుకోండి.

హెచ్చరిక: పట్టికను అక్షరక్రమంలో సర్దేటప్పుడు ఒక్క నిలువు వరుసను మాత్రమే ఎంచుకుంటే, పేర్లు కదిలి ఈమెయిళ్లు ఉన్నచోటే ఉండిపోతాయి. నేను ఒకసారి ఇలాగే సర్ది, సరిచూసుకోకుండా పదకొండు మందికి ఒకరి పేరుతో మరొకరికి ఉత్తరాలు పంపాను. అసలే మొహమాటం, దానికి తోడు పదకొండు క్షమాపణలు. సర్దే ముందు పట్టిక మొత్తాన్ని ఎంచుకోండి. సర్దిన తరువాత ఏవైనా మూడు అడ్డువరుసలు తీసి పేరూ చిరునామా కలుస్తున్నాయో లేదో చూడండి.

ఈ పట్టికలో మనుషుల వివరాలు ఉంటాయి కాబట్టి దాన్ని లింక్ ఉన్నవారందరూ చూసేలా పంచుకోవద్దు. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి.

4. మొదటి సందేశాన్ని రాయండి, పంపండి

మొహమాటస్తుల ప్రయత్నాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. రాయడం రాక కాదు. రాసినది డ్రాఫ్ట్స్‌లోనే ముగ్గిపోతుంది. అందుకే రాయడం, పంపడం అన్న రెండు పనులనూ వేరువేరు రోజుల పనులుగా విడదీయండి.

రాసే రోజున ముగ్గురికి మాత్రమే రాయండి. సందేశంలో మూడు సంగతులు ఉండాలి: వారి పనిలో మీరు నిజంగా గమనించిన ఒక విషయం, మీరెవరో అర ముక్కలో, వారికి ఇబ్బంది లేకుండా జవాబివ్వగల చిన్న ప్రశ్న లేదా కోరిక. ఒక ఉదాహరణ చూడండి. పాత భవనాలకు మరమ్మతులు చేసే ఒక ఇంజినీరు, తాను ఆన్‌లైన్‌లో విన్న ప్రసంగకర్తకు మొదట ఇలా రాసుకున్నారు:

"గౌరవనీయులైన సర్, మీ అమూల్యమైన సమయాన్ని వృథా చేస్తున్నందుకు మన్నించండి. మీ వంటి మహానుభావులతో పరిచయం నా అదృష్టం. ఏదైనా అవకాశం ఉంటే దయచేసి నన్ను గుర్తుంచుకోగలరు."

ఇందులో మన్నింపు ఉంది, పొగడ్త ఉంది, విన్నపం ఉంది. రాసినవారెవరో, ఎందుకు రాశారో మాత్రం లేదు. చదివినవారికి జవాబివ్వడానికి కొస దొరకదు. దాన్నే ఇలా మార్చారు:

"నమస్కారం. పాత భవనాల పగుళ్లపై మీ నిన్నటి ప్రసంగం విన్నాను. నేనూ అదే పనిలో ఉన్నాను. మీరు చూపిన కొలత పట్టిక చాలా పనికొచ్చింది. మీతో పరిచయంలో ఉండాలని కోరిక."

పరిచయం కుదిరాక, ఆ పట్టికలో తడి గోడలకు వేరే కొలత ఉందా అన్న ప్రశ్నను రెండో సందేశంలో అడిగారు. తెలిసిన విషయం మీద అడిగిన ప్రశ్నకు జవాబివ్వడం చాలామందికి ఇష్టమే.

లింక్డ్‌ఇన్‌లో పరిచయం కోరుతూ జతచేసే చిన్న నోట్‌కు ఉచిత ఖాతాలో 200 అక్షరాలే హద్దు, నెలకు అలాంటి నోట్లు కొన్ని మాత్రమే పంపనిస్తారు. తెలుగులో రాసేవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి: గుణింతపు గుర్తులను, పొల్లును కూడా కంప్యూటర్ విడివిడిగా లెక్కపెడుతుంది. మనం ఒక్క అక్షరంగా చూసే "స్త్రీ" దాని లెక్కలో ఆరు. అందువల్ల ముందుగా వేరే చోట రాసి, లెక్క చూసుకుని అతికించండి. పై సందేశం హద్దులోనే ఇమిడిపోతుంది. ఇంకొక జాగ్రత్త: మొబైల్ యాప్‌లో కనెక్ట్ బటన్ నొక్కగానే నోట్ అడగకుండానే వినతి వెళ్లిపోవచ్చు, కాబట్టి కంప్యూటర్‌లో పంపడం మేలు. పొరపాటున వెళ్లినదాన్ని వెనక్కి తీసుకుంటే, అదే వ్యక్తికి మళ్లీ పంపడానికి కొన్ని వారాలు ఆగవలసి వస్తుంది.

ఈమెయిల్ అయితే షెడ్యూల్ సెండ్ వాడండి. జీమెయిల్‌లో 2019 నుంచి ఈ సదుపాయం ఉంది. రాత్రి రాసిన ఉత్తరాన్ని రేపు ఉదయం పదింటికి పెట్టి పడుకోండి. పంపే మీట నొక్కే క్షణం మీ చేతిలో ఉండదు కాబట్టి వెనుకాడే వీలు తగ్గుతుంది. మరీ మనసు మారితే పొద్దున్నే రద్దు చేసుకోవచ్చు. వీటితో పాటు సెట్టింగ్స్‌లో, పంపిన ఉత్తరాన్ని వెంటనే వెనక్కి తీసుకునే అన్‌డూ సెండ్ గడువును 30 సెకన్లకు పెంచుకోండి, అంతకంటే ఎక్కువ పెట్టుకోనివ్వదు.

ఏఐ సాధనాల గురించి ఒక మాట. చాట్‌జీపీటీ వంటి వాటిని "నా తరఫున సందేశం రాయి" అని అడిగితే నున్నగా, ఎవరికైనా సరిపోయేలా రాసి ఇస్తాయి, అదే వాటి లోపం. మీరు ముడిగా రాసిన నాలుగు వాక్యాలను ఇచ్చి, "కొత్త విషయం చేర్చకుండా కుదించు" అని అడగండి. మీరు వినని ప్రసంగాన్ని విన్నట్టు, చదవని వ్యాసాన్ని మెచ్చుకున్నట్టు అది కల్పించే ప్రమాదం ఉంది కాబట్టి ప్రతి వాక్యాన్నీ "ఇది నిజమేనా?" అని చూసుకోవాలి. అవతలివారి ఫోన్ నంబరు, ఒప్పందపు వివరాలు అందులో పెట్టకండి. నా దృష్టిలో ఏఐ వల్ల అసలైన ఉపయోగం రిహార్సల్. "నువ్వు బేరమాడే క్లయింటువి, నా రుసుము ఎక్కువని వాదించు" అని చెప్పి, వాయిస్ మోడ్‌లో పది నిమిషాలు సాధన చేయండి. ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గిపోయే అలవాటు నాలుగైదు సాధనల్లోనే తేలికపడటం నాకు అనుభవమే.

మీ బదులు తనంతట తానే వందల మందికి పరిచయ వినతులు పంపే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోవద్దు. లింక్డ్‌ఇన్ నియమాలు దాన్ని నిషేధించాయి. ఖాతాను కట్టడి చేస్తే ఇంతవరకు కూర్చుకున్న పరిచయాలకూ దూరమవుతారు.

జవాబు రాకపోతే పది రోజుల తరువాత ఒక్కసారి, రెండు వాక్యాల్లో గుర్తుచేయండి. దానికీ రాకపోతే పట్టికలో ఆ పేరుకు ఆరు నెలల తరువాతి తేదీ వేసి, తరువాతి పేరుకు వెళ్లండి.

5. మాట్లాడక తప్పని చోట

"ఎప్పుడు కుదురుతుంది?" అన్న ఎడతెగని సంప్రదింపులను తప్పించడానికి క్యాలెండ్లీ గాని, గూగుల్ క్యాలెండర్‌లోని అపాయింట్‌మెంట్ సదుపాయం గాని వాడవచ్చు. వారానికి రెండు పూటలే తెరిచి ఉంచి, రెండు సమావేశాల మధ్య కనీసం 15 నిమిషాల ఖాళీ పెట్టుకోండి. అయితే మీకంటే చాలా పెద్దవారికి ఒట్టి లింక్ పంపి "ఎంచుకోండి" అనడం మర్యాదగా ఉండదు. రెండు మూడు సమయాలను ఉత్తరంలోనే రాసి, "లేదా మీకు వీలైన వేళ ఈ లింక్‌లో చూడగలరు" అని చేర్చండి.

వీడియో సమావేశంలో మన ముఖం మనకే కనిపిస్తూ ఉంటే ధ్యాస అంతా దాని మీదే ఉంటుంది. జూమ్‌లోనూ గూగుల్ మీట్‌లోనూ సొంత వీడియోను మన తెర మీద మాత్రమే దాచుకోవచ్చు. ఇతరులకు మీరు మామూలుగానే కనిపిస్తారు. దాచే ముందు వెలుతురు, కెమెరా ఎత్తు ఒకసారి చూసుకోండి. పదిమంది ఉన్న సమావేశంలో మధ్యలో అందుకుని మాట్లాడటం కష్టమైతే, ప్రశ్నను ముందే టైప్ చేసి పెట్టుకుని చాట్‌లో వేయండి.

ముఖాముఖి కలిసే సభల్లో క్యూఆర్ కోడ్ పనికొస్తుంది. పేరు, వృత్తి, ఈమెయిల్, ఫోన్ నంబరు ఉన్న వీకార్డ్‌ను (ఫోన్‌లో పరిచయంగా దాచుకోగల డిజిటల్ విజిటింగ్ కార్డును) కోడ్‌గా మార్చి, ఆ బొమ్మను ఫోన్‌లో ఫేవరెట్స్‌లో పెట్టుకోండి. కోడ్ తయారు చేసేటప్పుడు, వివరాలన్నీ కోడ్‌లోనే ఉండే స్టాటిక్ రకాన్ని ఎంచుకోండి. డైనమిక్ రకం ఆ కంపెనీ సర్వర్ మీద ఆధారపడుతుంది. చందా ముగిస్తే ముద్రించిన కార్డులన్నీ వట్టి కాగితాలవుతాయి. వివరాలు పెరిగేకొద్దీ గళ్లు చిన్నవై స్కాన్ కావడం కష్టమవుతుంది కాబట్టి చిరునామా, నినాదం వంటివి వదిలేయండి. కోడ్ చుట్టూ నాలుగు గళ్ల వెడల్పు తెల్ల అంచు ఉండాలి; అందం కోసం దాన్ని కత్తిరిస్తే కొన్ని ఫోన్లు చదవలేవు. ముద్రణకు ఇచ్చే ముందు రెండు వేర్వేరు ఫోన్లతో, మసక వెలుతురులో స్కాన్ చేసి, నంబరు చివరి అంకె వరకు సరిపోయిందో చూడండి.

సభ నుంచి బయటకు రాగానే, ఇంకా మెట్లు దిగకముందే, కలిసినవారి గురించి అర నిమిషం వాయిస్ నోట్ చెప్పుకోండి. ఇంటికి వెళ్లాక రాద్దామనుకుంటే పేర్లు కలగాపులగమవుతాయి.

6. సొంత డబ్బా కొట్టకుండా ప్రచారం

పదిహేను రోజులకు ఒక్క పోస్టు చాలు. "నేను గొప్పవాడిని" అని రాయవలసిన పని లేదు. చేసిన పనిలో ఒక చిన్న ముడి, దాన్ని విప్పిన తీరు రాయండి. అనువాదకులైతే మొండికేసిన ఒక పదం గురించి, అకౌంటెంట్ అయితే తరచుగా కనిపించే ఒక నమోదు పొరపాటు గురించి. క్లయింటు పేరు, అంకెలు, వారిని గుర్తుపట్టగలిగే ఆనవాళ్లు అనుమతి లేకుండా రాయకూడదు. ఒకే విడతలో నాలుగు పోస్టులు రాసి, లింక్డ్‌ఇన్‌లోనే ఉన్న షెడ్యూల్ సదుపాయంతో తేదీలు వేసేయండి. ప్రచురణ అయిన వెంటనే లైకులు లెక్కపెడుతూ కూర్చోకుండా నోటిఫికేషన్లు ఆపుకుని, సాయంత్రం ఒక్కసారి చూసి వ్యాఖ్యలకు జవాబివ్వండి.

సొంతంగా రాయడం ఇంకా బెరుకైతే మొదటి నెల ఇతరుల పోస్టుల కింద వ్యాఖ్యలు మాత్రమే రాయండి. "బాగుంది" అనకుండా మీ అనుభవంలోంచి ఒక వాక్యం చేర్చండి.

చదివేవారు కొంత పెరిగాక ఈమెయిల్ న్యూస్‌లెటర్ పెట్టవచ్చు, కానీ అడిగి చేరినవారికే పంపాలి. పట్టికలోని పేర్లన్నిటినీ చేర్చేయడం తప్పు. చాలా దేశాల్లో అది చట్టం దాకా వెళ్లే సంగతి. అందరి చిరునామాలనూ సీసీలో పెట్టి పంపడం అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే ఒకరి చిరునామా మిగతావారందరికీ తెలిసిపోతుంది. పది మంది వరకు, చిరునామాలు ఒకరివి ఒకరికి కనిపించని బీసీసీ సరిపోతుంది, అంతకు మించితే న్యూస్‌లెటర్ సేవ వాడండి. చందా మానుకునే లింక్ ప్రతి సంచికలోనూ ఉండాలి. మానుకునే దారి కనిపించనివారు స్పామ్ బటన్ నొక్కుతారు, దానితో మిగతావారికి వెళ్లే ఉత్తరాలు కూడా స్పామ్‌లో పడటం మొదలవుతుంది.

7. ఫలితం ఉందో లేదో చూసుకోండి

ఈమెయిల్ సేవలు చూపించే "తెరిచినవారి శాతం" చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు. ఉత్తరంలో దాచిన చిన్న చిత్రం లోడ్ అయితే తెరిచినట్టు లెక్క. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా సదుపాయాన్ని ఆన్ చేసుకున్నవారి విషయంలో, వారు ఉత్తరం చదవకపోయినా ఆ చిత్రం ముందే లోడ్ అవుతుంది. ప్రొఫైల్ చూసినవారి సంఖ్య, లైకులు కూడా ఇలాంటివే.

పట్టికలో మూడు అంకెలు మాత్రమే రాసుకోండి: ఈ నెల పంపిన సందేశాలు, వచ్చిన జవాబులు, జరిగిన సంభాషణలు. పంపినవి ఎనిమిదికి తక్కువైతే మిగతా రెండు అంకెలను చూడటం అనవసరం. పంపడమే జరగలేదు, నాలుగో మెట్టులోని షెడ్యూల్ పద్ధతికి తిరిగి వెళ్లాలి. ఇరవై పంపినా ఒక్క జవాబూ రాకపోతే సందేశం మొదటి వాక్యం మార్చండి: అది మీ గురించి ఉందా, వారి పని గురించి ఉందా చూడండి. వాక్యం బాగానే ఉందనిపిస్తే పట్టికలో పాత పరిచయాలు ఎన్ని, ముక్కూ మొహం తెలియనివారు ఎందరు లెక్కపెట్టండి. జవాబులు వస్తున్నా సంభాషణల దాకా వెళ్లకపోతే, మీరు చివర్లో ఏమీ అడగడం లేదన్నమాట, తరువాతి ఉత్తరంలో "వచ్చే వారం పావుగంట మాట్లాడటానికి వీలవుతుందా?" అని రాసి, రెండు సమయాలు సూచించండి.